నా చేతిరాత బాగుంటుందట

జూన్ 3, సోమవారం

మినిట్స్ పుస్తకం మళ్ళీ నా ముందుకే వచ్చింది. మేనేజరు కూర్చుంటూనే, ఇటు చూడకుండానే, మోచేత్తో నా వైపు తోశారు. నా చేతిరాత బాగుంటుందట.

ఈ కంపెనీలో లిఫ్టులు బాగుచేయడం మొదలుపెట్టి పదకొండేళ్ళయింది. సీనియర్ టెక్నీషియన్‌నై నాలుగేళ్ళు. సోమవారం మీటింగ్‌లో ఎనిమిదిమందిమి కూర్చుంటాం, ఏడుగురు మగవాళ్ళూ నేనూ. నేను ఆ గదిలోకి రాకముందు వారానికొకరు రాసేవారట. పాత పేజీలు తిప్పితే ఏడు రకాల కోడిగీతలు కనిపిస్తాయి. నేను వచ్చిన వారం నుంచి ఆ పని నా దగ్గరే మఠం వేసుకుని కూర్చుంది. రాస్తూ ఉంటే మాట్లాడడానికి సందు దొరకదు. సందు చేసుకుని మాట్లాడితే, రాస్తున్నారా అని అడుగుతారు.

సూపర్‌వైజర్ జూలై ఆఖరున రిటైరవుతున్నారు. ఆ పోస్టుకి రెండు పేర్లు వినిపిస్తున్నాయి. ఒకటి నాది, ఇంకొకటి జూనియర్‌ది. జూనియర్ అంటే ఇప్పుడేం జూనియర్ కాదు, ఆరేళ్ళ సర్వీసు. చేరినప్పుడు పెట్టిన పేరు అలాగే అతుక్కుపోయింది. స్పానర్ ఎటు పట్టుకోవాలో నేర్పింది నేనే. నోరారా అక్కా అంటాడు. నాకు ఆ పోస్టు కావాలి. కావాలని బయటికి అంటే ఆశ ఎక్కువంటారు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

జూన్ 4

టూల్ బ్యాగు భుజాన ఉంది, చేతులు మోచేతుల దాకా గ్రీజు. వాచ్‌మన్ వచ్చి మెకానిక్ ఎప్పుడొస్తాడమ్మా అని అడిగాడు. వచ్చి వెళ్ళిపోయాడని చెప్పాను.

జూన్ 10, సోమవారం, సాయంత్రం

ఒళ్ళు మండిపోతోంది. వరసగా రాస్తే తప్ప చల్లారదు.

శనివారం ఒక తొమ్మిదంతస్తుల ఆఫీసు బిల్డింగ్‌కి సర్వీసుకి వెళ్ళాను. బ్రేక్ లైనింగ్ అరిగిపోయింది. లిఫ్టు ఫ్లోర్‌కి సమంగా ఆగడం లేదు, మూడు వేళ్ళ మందం కిందికి జారి ఆగుతోంది. ఇవాళ మూడు వేళ్ళు, రేపు జానెడు. ఇది మీటింగ్‌లో చెప్పాను. లైనింగ్ మార్చేదాకా లిఫ్టు ఆపేద్దామన్నాను. మేనేజరు నవ్వారు. చూడమ్మా, ఇంట్లో పిల్లల కోసం భయపడ్డట్టు ఇక్కడ భయపడితే కస్టమర్లు మిగలరన్నారు. అందరూ నవ్వారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, నాకు మేనేజరు మాట కంటే ఆ నవ్వులే ఎక్కువ గుచ్చుకున్నాయి.

పావుగంట గడిచింది. జూనియర్ గొంతు సవరించుకుని, ఆ బిల్డింగ్ బ్రేక్ విషయం సీరియస్‌గా తీసుకోవాలి సార్ అన్నాడు. నా మాటలే. మూడు వేళ్ళు కూడా నావే. మేనేజరు కుర్చీలో ముందుకు జరిగి మంచి పాయింటన్నారు. ఇలాంటి బాధ్యత అందరికీ ఉండాలని మా అందరికీ చెప్పారు. చివరికి తేల్చిందేమిటంటే, లైనింగ్ ఆర్డరు పెడతారు. అది వచ్చేదాకా లిఫ్టు నడుస్తుంది. లోపల ఒక కాగితం అంటిస్తారు, మెట్టు చూసుకుని దిగండి అని.

మీటింగయ్యాక అందరూ వెళ్ళిపోయారు. నేను కూర్చుని మినిట్స్ ఫెయిర్ చేశాను. ఎప్పుడూ రాసేది, బ్రేక్ గురించి చర్చించడమైనది, తగు చర్యలు తీసుకొనబడును, అని. ఇవాళ చెయ్యి అలా రాయలేదు. జరిగింది జరిగినట్టు రాశాను. 10.20కి సీనియర్ టెక్నీషియన్ లిఫ్టు ఆపమని చెప్పారు. మేనేజరు నవ్వి, ఇంట్లో పిల్లల కోసం భయపడ్డట్టు భయపడకూడదన్నారు. సభ్యులు నవ్వారు. 10.35కి జూనియర్ అదే చెప్పారు. మేనేజరు మంచి పాయింటన్నారు. లిఫ్టు నడపాలని మేనేజరు నిర్ణయించారు.

వచ్చే సోమవారం అందరూ ఇది చదివి సంతకం పెట్టాలి. చదివాక నన్ను ఉంచుతారో పంపుతారో.

జూన్ 17, సోమవారం

ఎవరూ చదవలేదు.

పుస్తకం టీ కప్పులతో పాటు టేబుల్ చుట్టూ తిరిగింది. పాలవాడి కార్డు మీద గీసినట్టు గీశారు. జూనియర్ ఫోన్ మాట్లాడుతూ పెట్టాడు. మేనేజరు అన్నిటికంటే కింద, కొక్కెం లాంటి తోకతో పెద్ద సంతకం పెట్టారు. ఆయన నవ్విన లైనుకి సరిగ్గా నాలుగు వేళ్ళ కింద.

ముందు నవ్వొచ్చింది. బస్సులో కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళుగా నేను రాసినవన్నీ ఇలాగే వెళ్ళాయన్నమాట. చేతిరాత బాగుందన్న వాళ్ళలో ఒక్కడూ ఒక్క లైను చదివిన పాపాన పోలేదు.

ఇక నుంచి ఇలాగే రాస్తాను. ఇవాళ్టివి కూడా రాశాను. ఒకతను అరగంట లేటుగా వచ్చాడు, ట్రాఫిక్కా అని అడిగి కూర్చోమన్నారు. నేను పది నిమిషాలు లేటు, ఇంట్లో ఏమైనా ప్రాబ్లమా అమ్మా, మేనేజ్ చేసుకోగలుగుతున్నావా అని అందరి ముందూ అడిగారు. రెండూ టైముతో సహా ఎక్కాయి.

జూన్ 19

అప్రైజల్. పనికి వంక దొరకలేదు. టోన్ మార్చుకోవాలట.

వివరం అడిగాను. ఒక బిల్డింగ్ ఎలక్ట్రీషియన్‌ని ప్యానెల్ ముట్టుకోవద్దన్నానట. అవును, అన్నాను. ముట్టుకుంటే చచ్చేవాడు. అతను నా మీద కంప్లైంట్ రాసిచ్చాడు. అదే ఎలక్ట్రీషియన్ మీదికి ఫిబ్రవరిలో జూనియర్ స్పానర్ విసిరాడు. గోడకి తగిలి పెచ్చు ఊడింది. జూనియర్ అప్రైజల్ ఫారంలో పని మీద ప్రేమ ఎక్కువ, ముక్కుసూటి మనిషి అని రాశారు. ఆ ఫారం వాడే నాకు చూపించాడు, సంతోషం పట్టలేక. అదే ముక్కుసూటితనం నా ముఖానికి వచ్చేసరికి గయ్యాళితనం అవుతోంది.

కొంచెం నవ్వుతూ ఉంటే పని తేలికవుతుందని మేనేజరు సలహా. బ్రేకులు నా పళ్ళు చూసి పడవు సార్ అందామనుకున్నాను. అంటే టోన్.

జూన్ 20

పొద్దున్న అద్దం ముందు నవ్వి చూసుకున్నాను. కూతురు వచ్చి పన్ను నొప్పా అమ్మా అని అడిగింది.

జూన్ 21

లైనింగ్ ఆర్డరు ఇంకా వెళ్ళలేదట. స్టోర్స్ వాళ్ళు చెప్పారు. మేనేజరుకి మెయిల్ పెట్టాను. జవాబు లేదు.

జూన్ 24, సోమవారం

మళ్ళీ అడిగాను. ఒకే పాట పాడతావేమ్మా అన్నారు. రాశాను. పోయిన వారం వాటికి సంతకాలు పడ్డాయి.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. మంచివాడే, ఓపిగ్గా విన్నాడు. అన్ని ఆఫీసుల్లోనూ ఇంతే, మనసులో పెట్టుకోకు అన్నాడు. మా ఆఫీసులోనూ మినిట్స్ ఒకావిడే రాస్తుంది, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది అని కూడా అన్నాడు. అన్న తర్వాత నా ముఖం చూశాడు.

జూన్ 27, గురువారం

జరిగింది.

పదకొండింటికి ఫోన్ వచ్చింది. ఆ బిల్డింగే. ఐదో అంతస్తులో లిఫ్టు జానెడు కిందికి ఆగింది. క్లీనింగ్ చేసే ఆవిడ నీళ్ళ బకెట్ లాక్కుంటూ వెనక్కి వెనక్కి నడుస్తూ దిగింది. మడమ గడపకి తన్నుకుంది. వెల్లకిలా పడింది. నేను వెళ్ళేసరికి ఆవిడ గోడకి ఆని పడి ఉంది, కింద అంతా సబ్బు నీళ్ళు. తుంటి ఎముక విరిగిందని తర్వాత తెలిసింది. స్ట్రెచర్ మీదికి ఎత్తుతుంటే నా చెయ్యి పట్టుకుని, నేల తుడవడం సగంలో ఉంది, అటు వచ్చేవాళ్ళని జాగ్రత్తగా నడవమని చెప్పండి అంది.

లిఫ్టులో కాగితం ఉంది. మెట్టు చూసుకుని దిగండి. నిలబడి ఎదురుగా చూసేవాళ్ళ కోసం అంటించిన కాగితం అది. వంగి బకెట్ లాగేవాళ్ళకి అది ఎలా కనిపిస్తుంది?

డాబా మీదికి వెళ్ళి మెయిన్ స్విచ్ ఆపేశాను. తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాను. పది నిమిషాల్లో మేనేజరు ఫోన్, ఎవరిని అడిగి ఆపావని.

జూన్ 28

నాకు లెటర్ ఇచ్చారు. చివరి సర్వీసు చేసింది నేను, ప్రమాదం ఉందని తెలిసి లిఫ్టు ఎందుకు ఆపలేదో మూడు రోజుల్లో చెప్పాలి. లైసెన్సు రద్దుకి ఎందుకు సిఫారసు చేయకూడదో కూడా చెప్పాలి. వివరాలు సేకరించే బాధ్యత జూనియర్‌ది. దొంగ చేతికే తాళాలు.

లైసెన్సు పోతే నేను దేశంలో ఏ లిఫ్టూ ముట్టుకోలేను. ఇంకో పని నాకు రాదు.

కానీ ఈ డైరీలో అబద్ధం రాయను. సర్వీసుకి వెళ్ళిన ఆ శనివారం నా జేబులో తాళం ఉంది. ఎవరినీ అడగకుండా వేసి ఉండాల్సింది. రెండేళ్ళ క్రితం ఒక చోట అలాగే వేశాను. అత్యుత్సాహం అని మెమో ఇచ్చారు. ఆరు నెలల తర్వాత జూనియర్ ఇంకో చోట వేశాడు, మీటింగ్‌లో చప్పట్లు కొట్టించారు, డేరింగ్ డెసిషన్ అని. ఆ మెమో గుర్తొచ్చి ఈసారి పద్ధతిగా అడిగాను. నేను పద్ధతిగా ఉన్నందుకు ఆవిడ తుంటి విరిగింది. నిన్నటి నుంచి ఇదే తిరుగుతోంది బుర్రలో. అన్నం సయించడం లేదు.

జూలై 1, సోమవారం

మీటింగ్ లేదు. మేనేజరు తన గదికి పిలిచారు. కుర్చీ చూపించారు. కాఫీ తెప్పించారు. పదకొండేళ్ళలో మొదటిసారి. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

హెడ్డాఫీసు వాళ్ళు వచ్చే సోమవారం విచారణకి వస్తున్నారు. జూన్ నెల మినిట్స్ అడిగారు. దాంతో ఆయన పుస్తకం తెరిచి, పాపం, మొదటిసారి చదివారు. మనిషి ఒక్కసారి ఐదేళ్ళు పెద్దయినట్టు కనిపించాడు. కోప్పడలేదు. డ్రాయర్లోంచి కొత్త పుస్తకం తీసి నా ముందు పెట్టారు.

"చూడమ్మా, పాతది మే నెలతో అయిపోయిందని చెబుదాం. జూన్ మాత్రం ఇందులో మామూలుగా రాసెయ్. సంతకాలు నేను పెట్టిస్తాను. నీ చేతిరాతే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు."

పాత పుస్తకంలో జూన్ పేజీలు ఆయనే తీసేస్తారట. నా లెటర్ వెనక్కి తీసుకుంటారట. సూపర్‌వైజర్ పోస్టు గురించి కూడా ఆలోచిస్తున్నారట. మరి ప్రమాదానికి కారణం ఎవరని అడిగాను. ఆవిడే చూసుకోకుండా దిగింది కదా, కాగితం కూడా అంటించాం కదా అన్నారు.

రెండు పుస్తకాలూ బ్యాగులో వేసుకుని వచ్చాను. పాతది పేజీలతో సహా ముందు నాకే ఇచ్చారు, చూసి రాయడానికి. ఇప్పటికీ నేను ఆయన చెప్పింది రాసే మనిషినే అని ఎంత నమ్మకమో. గేటు దగ్గర జూనియర్ కాచుకుని ఉన్నాడు. అక్కా, రాసెయ్యండి, అందరికీ మంచిది, నాకు ఇద్దరు పిల్లలు అన్నాడు. నాకు ఒక్కతే కాబట్టి ఫర్వాలేదు కాబోలు.

జూలై 2

రాయడం మొదలుపెట్టాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను ఈ మాట. భోజనాల బల్ల మీద రెండు పుస్తకాలూ పరుచుకుని జూన్ 3 పూర్తి చేశాను. జూన్ 10 తేదీ వేసి, కింద గీత గీసి, బ్రేక్ గురించి చర్చించడమైనది అని రాసి ఆగాను. లైసెన్సు, ఇంటి లోను, కూతురి చదువు, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చున్నాయి.

అత్తయ్య మందులు వేసుకోవడానికి వచ్చి చూశారు. ఆవిడ ఒక పెద్ద ఆఫీసులో ముప్పై ఏళ్ళు టైపిస్టుగా చేసి రిటైరయ్యారు. మామూలుగా నా ఆఫీసు సంగతులు అడగరు. ఇవాళ అడిగారు, చెప్పాను. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పాత పేజీ, కొత్త పేజీ రెండూ కళ్ళజోడు పెట్టుకుని చదివారు. ఇన్నాళ్ళకి, ఎవరూ అడక్కుండా ఆ పేజీలు చదివిన మొదటి మనిషి ఆవిడ.

"నేనూ ఒకసారి ఒక పేజీ మళ్ళీ కొట్టాను అమ్మాయ్. ఆఫీసరు కొట్టమన్నాడు, కొట్టాను. నా పక్క సీటు పిల్ల ఉద్యోగం పోయింది దాంతో. తప్పు ఆ పిల్లది కాదు. ఆ ఆఫీసరు పేరేంటో ఇప్పుడు నాకు గుర్తు లేదు. ఆ పిల్ల పేరు మాత్రం పొద్దున్న లేస్తే గుర్తొస్తుంది."

నాకేం చెయ్యమనీ చెప్పలేదు. ఉద్యోగం పోతే ఎలాగత్తయ్యా అని నేనే అడిగాను. నా పెన్షన్ ఉంది, నీ మొగుడికి జీతముంది, తినేది నలుగురమేగా అన్నారు. మందు వేసుకుని వెళ్ళి పడుకున్నారు.

జూలై 3

హాస్పిటల్‌కి వెళ్ళాను. ఆవిడకి ఆపరేషన్ అయింది. కాంట్రాక్టరు వచ్చి, చూసుకోకుండా దిగడం నీ తప్పు, ఇక పనిలోకి రావద్దని చెప్పి వెళ్ళాడట. ఆవిడ కూడా తన తప్పేననుకుంటోంది. ముందుకి తిరిగి దిగాల్సిందమ్మా, బకెట్ బరువుగా ఉండి అలా లాగాను అని నాకు సంజాయిషీ చెబుతోంది. నాకు! కాదు, లిఫ్టుదే తప్పు, మాకు ముందే తెలుసు అని చెప్పాను. ఆవిడ నా వైపు తల తిప్పింది. తెలిసి ఎందుకు ఆపలేదమ్మా అని అడిగింది. ఆపమని అడిగానండీ, వాళ్ళు ఆపలేదు అన్నాను.

జూలై 5

కొత్త పుస్తకం మేనేజరు టేబుల్ మీద పెట్టేశాను. అందులో జూన్ 3 ఒక్కటే పూర్తిగా ఉంది, జూన్ 10 ఒక్క లైనుకే ఆగింది. పాతది ఏదని అడిగారు. సోమవారం తెస్తానన్నాను. అన్ని పేజీల ఫోటోలూ తీసి హెడ్డాఫీసుకి మెయిల్ చేశానని కూడా చెప్పాను. నీ టోన్ చూసినప్పుడే అనుకున్నాను అన్నారు.

జూలై 8, సోమవారం

హెడ్డాఫీసు నుంచి ముగ్గురు వచ్చారు. అదే గది, అదే టేబుల్. విచారణ నా మీద. వాళ్ళలో పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని, గదంతా ఒకసారి కలియజూసి, తెల్లకాగితాల దస్తా నా ముందుకి జరిపారు. మీరు నోట్ చేసుకుంటూ ఉండండమ్మా, మీ చేతిరాత బాగుంటుందని విన్నాం అన్నారు.

నా మీద విచారణకి నేనే మినిట్స్ రాయాలి. ఉరికంబం ఎక్కేవాడినే తాడు పేనమన్నట్టుంది. ఆయన వెటకారంగా అనలేదు. నిజంగా మెచ్చుకుంటున్నాననుకున్నాడు. అదే ఎక్కువ విసుగు తెప్పించింది.

"సార్, ఇవాళ నేను మాట్లాడాలి. రాసే పని ఇంకెవరికైనా చెప్పండి."

ఎవరూ ముందుకు రాలేదు. జేబులు తడుముకున్నారు. ఒకడి పెన్నులో ఇంకు లేదు, ఒకడికి మణికట్టు నొప్పి. జూనియర్ కిటికీలోంచి ఎవరో పిలిచినట్టు అటే చూస్తున్నాడు. చివరికి పెద్దాయన కాగితాలు మేనేజరు ముందుకి జరిపి, మీరే రాయండి అన్నారు.

పాత పుస్తకం తెరిచి చెప్పడం మొదలుపెట్టాను. తాళం నా జేబులో ఉండి కూడా వేయలేదని ముందు చెప్పాను. ఎందుకు వేయలేదో, రెండేళ్ళ నాటి మెమో సంగతితో సహా చెప్పాను. తర్వాత జూన్ 10. 10.20కి నేనేమన్నానో, మేనేజరు ఏమన్నారో. ఆయన తల వంచుకుని రాస్తున్నారు. నేను నవ్వాను అని ఆయన చేత్తో ఆయనే రాసుకోవలసి వచ్చింది. మధ్యలో అందుకోలేక, కొంచెం నెమ్మదిగా చెప్పమన్నారు. నెమ్మదిగా చెప్పాను. మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. పదకొండేళ్ళలో నా మాట ఆయన ఇంత శ్రద్ధగా వినడం ఇదే.

ఇదంతా అబద్ధం అని ఎవరూ అనలేకపోయారు. ఎనిమిది సంతకాలున్నాయి. చదవలేదు సార్ అని ఒకతను అన్నాడు. పెద్దాయన అతని వైపు చూసిన చూపు నాకు నచ్చింది.

అంతా అయ్యాక సంతకం పెట్టమని కాగితాలు నాకిచ్చారు. చదువుతాను అన్నాను. నాలుగు పేజీలు. మేనేజరు చేతిరాత ఘోరంగా ఉంటుంది. అక్షరమక్షరం కూడబలుక్కుని చదివాను, ఏడుగురూ, ఆ ముగ్గురూ కూర్చుని ఎదురుచూశారు. రెండు తప్పులు దొరికాయి. ఆపమని చెప్పారు అన్న చోట ఆపితే బాగుంటుందేమో అన్నారు అని ఉంది. లిఫ్టు నడపాలని మేనేజరు నిర్ణయించారు అన్న చోట నిర్ణయించడమైనది అని ఉంది. రెండూ దిద్దించాను. ఆ తర్వాతే సంతకం పెట్టాను.

జూలై 12

నా లెటర్ వెనక్కి తీసుకున్నారు. తాళం వేయనందుకు హెచ్చరిక మాత్రం ఫైల్లో ఉంటుంది. అది న్యాయమే. క్లీనింగ్ ఆవిడది ఏ తప్పూ లేదని హెడ్డాఫీసు రాసిచ్చింది. వైద్యం కంపెనీదే, కాంట్రాక్టరు ఆవిడని మళ్ళీ పనిలో పెట్టుకోవాలి. మేనేజరు మేనేజరుగానే ఉన్నారు. సూపర్‌వైజర్ పోస్టు ఈ ఏడాది భర్తీ చేయరట. నాకు ఇవ్వడం కంటే ఎవరికీ ఇవ్వకపోవడం తేలిక.

జూలై 15, సోమవారం

మీటింగ్. పుస్తకం టేబుల్ చుట్టూ తిరిగింది. సంతకం పెట్టే ముందు ఒక్కొక్కరూ మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదివారు. గంటా పది నిమిషాలు పట్టింది.